పాత డిస్కు చప్పుడు

కెహుయి దీవి నుంచి పొద్దుటి లాంచీలో
ఉన్ని దుప్పట్లో చుట్టి తెచ్చింది దోన్యా ఎదువీనా.
పొదిగే కోడిని గంపతో సహా దింపినట్టు
నా కౌంటర్ మీద దింపింది.
"బాగు చెయ్యాలో పారెయ్యాలో నువ్వే చెప్పు ఓయార్సో,
చెప్పేముందు మాత్రం
నీ లాభం ఆ గొడుగు పక్కన పెట్టిరా."

కాస్ట్రోలో వాన.
ఇక్కడ వాన గురించి ఎవరూ మాట్లాడరు,
ఇంటి గోడ గురించి ఎవరు మాట్లాడతారు?

మూత విప్పాను.
పదమూడేళ్ల ఉన్ని.
ఫ్యాన్ రెక్కల సందుల్లో తెల్లది, బూడిదది,
ఎవరి స్వెట్టర్ కోసమో అద్దిన ఎర్రపోగొకటి,
అన్నిటి మీదా కట్టెల పొయ్యి మసి.
బ్రష్షుతో దులిపితే గుప్పెడయింది.
"పారెయ్యకు," అంది,
"చేతితొడుక్కి ఒక వేలు వస్తుంది."
నవ్వుతోందో లేదో తెలియలేదు.

కాగితం మీద పెన్సిల్‌తో నిలువుగీత గీశాను.
ఇటు కొత్తది: నాలుగు లక్షల పెసోలు,
ఆపైన మీ ప్రింటర్ దాంతో మాట్లాడదు,
దానికో ఖర్చు.
అటు పాతది: ఇంకాస్త మెమరీ, కొత్తరకం డిస్కు,
అంతా కలిపి డెబ్బై వేలు.
కానీ బోర్డు ముసలిది దోన్యా,
ఇవాళ మోకాలు మారిస్తే రేపు నడుం అడుగుతుంది.

"అడిగితే అడగనీ. నన్నూ అడుగుతోందిగా."

పద్దెనిమిది మంది అల్లికవాళ్ల పద్దులు అందులో ఉన్నాయి.
ఎవరికెన్ని కండెలు ఇచ్చిందీ
ఎవరు బంగాళాదుంపలతో బాకీ తీర్చిందీ.
రోసాల్బా మిల్యాపెల్, మూడు కండెలు.
రోసాల్బా పోయి నాలుగు చలికాలాలు,
ఆ వరస ఇంకా కొట్టెయ్యలేదు.

"అసలు దీనికున్న జబ్బు ఒక్కటే," అంది.
"రోజూ పొద్దున్న లేచి
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి అంటుంది.
కాదమ్మా అని నేను తేదీ చెప్పాలి.
చివరి ఏడాది మా ఆయనా అంతే,
ఆయనకీ నేనే చెప్పేదాన్ని."

నాణెమంత బ్యాటరీ. వెయ్యి పెసోలు.
మాట నాలుక చివరిదాకా వచ్చి
అక్కడే కూర్చుంది.

అలమారలో మూడు కొత్తవి ఉన్నాయి,
ఫిబ్రవరి నుంచి ప్లాస్టిక్ కూడా విప్పలేదు.
షాపు అద్దె రెండు నెలలది బాకీ.
ఆమె నా భుజం మీదుగా చూసి అడిగింది:
"మరి నువ్వు లెక్కలు దేనిమీద రాస్తావ్?"
నేను పక్కకి జరిగాను.
చచ్చిన అయిదింటి అవయవాలతో కుట్టుకున్న నా డబ్బా,
మూత లేకుండా, సిగ్గులేకుండా
గిర్రున తిరుగుతోంది.
ఆ తర్వాత కాగితం ఎవరమూ చూడలేదు.

మధ్యాహ్నానికి పని అయింది.
ఇదివరకు బటన్ నొక్కి, కెటిల్ పెట్టి
రెండు విడతలు మాతే తాగితేగాని తెర వెలిగేది కాదట.
ఇప్పుడు పద్నాలుగు సెకన్లు.
"ఇంత తొందరెవరికి?" అంది.
తర్వాత చెవి దగ్గరగా పెట్టింది.
"చప్పుడు లేదే.
గరగరమంటే ఆలోచిస్తోందని తెలిసేది.
ఇప్పుడిది పనిలో ఉందో, అలిగిందో
ఎట్లా తెలిసేది?"

నా దగ్గర జవాబు లేదు.
తీసేసిన పాత డిస్కుని కింది అరలో
మళ్లీ బిగించాను.
పద్దుల నకలు దాచడానికన్నాను, అబద్ధమేం కాదు.
రేకుడబ్బాలో గులకరాయి దొర్లినట్టు
అది మొదలుపెట్టింది.
ఆమె దుప్పటి మడత విప్పడం మొదలెట్టింది.

నాలుగింటి లాంచీ కూత వేసింది.
చిల్లర లెక్కపెట్టి అరచేతిలో పెట్టాను,
నాణేల మధ్య ఆ బ్యాటరీ కూడా.
"ఇది తేదీ గుర్తుంచుకుంటుంది దోన్యా.
ఎప్పుడు వెయ్యాలనిపిస్తే అప్పుడు చెప్పండి."
ఆమె దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి
కోటు జేబులో వేరేగా వేసుకుంది,

లాంచీవాడికి పొరపాటున ఇచ్చేయకుండా.